చిత్రదర్శనము: 'లాస్ట్ వరల్డ్' అను మూగచిత్రము

పిల్లలు గల యింటిలో డైనోసారు బొమ్మ లేకుండుట యిప్పుడు అరుదు. అక్షరములు కూడబలుకుకొనలేని పసివాడు సైతము బ్రాంటోసారసు, ట్రైసెరాటాప్సు మొదలగు పేళ్లను తడబడక చెప్పి తల్లిని తెల్లబోవునట్లు చేయుచున్నాడు. ఈ జంతువులను తెరమీద నడిపించి, పోరాడించి, కడపట మహానగరపు వీథులలో తిరుగనిచ్చిన తొలినాటి పెద్ద కథాచిత్రము 'లాస్ట్ వరల్డ్'. ఇది 1925 ఫిబ్రవరిలో అమెరికాలో వెలువడినది. ఇందు మాటలు లేవు. నడుమనడుమ వచ్చు అక్షరముల పలకలను చదువుకొనుచు కథను గ్రహింపవలయును. దీనిని మా పాఠకసోదరీమణులు పిల్లలతో కూర్చుండి చూడవచ్చునా, చూచినచో వారితో ఏమి చెప్పవలయును అను విషయమై ఈ మాసము వ్రాయదలచితిమి. మఱియొక కారణము కూడ కలదు. ఈ చిత్రమును తీసినవారే దీనిని కొలదికాలమునకు పాఱవేసిరి. నేడు మన కంటికి దొరకుచున్నది, ఎవరెవరియొద్దనో మిగిలిన ముక్కలను ఏఱి కూర్చినది. ఆ సంగతి తెలిసి చూచిన చూపు వేఱు, తెలియక చూచిన చూపు వేఱు.

కథ ఆర్థర్ కానన్ డాయిల్ 1912లో వ్రాసిన నవలనుండి గైకొనబడినది. షెర్లాక్ హోమ్సును సృష్టించినవాడు ఈయనయే. లండను నగరమున ఛాలెంజరు అను ఆచార్యు డొకడు కలడు. మహాకోపి; విలేఖరి కనబడిన మీదబడి కొట్టును. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులలో, నిలువుగోడలవంటి చఱియలపైన ఒక మైదానము కలదనియు, ఎన్నడో నశించిన మృగములు అందు నేటికిని సజీవములై యున్నవనియు ఆయన వాదము. సభలోనివారు పకపక నవ్విరి. మెలోను అను యువ విలేఖరికి మాత్రము ఆ ప్రయాణముతో పని పడినది. అతడు వలచిన గ్లాడిసు అను కన్య, చావును ఎదుర్కొన్న వీరుని గాని పెండ్లాడనని పట్టుబట్టి కూర్చున్నది. ఆచార్యునియొద్ద గల సాక్ష్యము ఆ కొండపై చిక్కి తిరిగిరాని మేపుల్ వైట్ అను అన్వేషకుని దినచర్య పుస్తకము. ఆ పుస్తకమును తెచ్చినది అతని కూతురు పౌలా. తండ్రిని వెదకుట యను పేర, పత్రికవారి ధనముతో, ఆచార్యుడును, విలేఖరియు, వేటయందు ఆఱితేరిన రాక్స్‌టను ప్రభువును, సమ్మర్లీ యను మఱియొక పండితుడును, పౌలాయును బయలుదేరిరి.

వారొక చెట్టును నఱికి వంతెనగా వేసికొని కొండపైకి దాటుదురు. దాటిన వెంటనే బ్రాంటోసారసు ఆ మానును లోయలోనికి త్రోసివేయును. ఇక తిరుగుదారి లేదు. అటుపిమ్మట మృగముల పోరు, అగ్నిపర్వతము ప్రేలుట, మంటల వెలుగులో మందలు మందలుగా జంతువులు పరుగెత్తుట. పౌలా తెచ్చుకొన్న పెంపుడుకోతి త్రాడు పట్టుకొని చఱియ నెగబ్రాకి వారి ప్రాణములు నిలుపును. పిల్లలు చప్పట్లు కొట్టుట నిశ్చయము. నవలలో లండనునకు తెచ్చిన జంతువు ఒక ఎగురు సరీసృపము మాత్రమే. చిత్రములోనో, బురదలో కూలబడిన బ్రాంటోసారసునే ఓడ కెక్కించి తెత్తురు. అది రేవులో త్రెంచుకొని, వీథుల వెంట జనమును తఱిమి, టవర్ బ్రిడ్జిపైకి ఎక్కగా వంతెన ఆ బరువునకు విఱిగి, మృగము థేమ్సు నదిలో పడి ఈదుకొనుచు సముద్రము దారి పట్టును. అంత సాహసము చేసి తిరిగివచ్చిన మెలోను గ్లాడిసు ఇంటికి పోగా, ఆమె అప్పటికే సాహసముతో నిమిత్తము లేని ఒక సామాన్యుని పెండ్లాడి సుఖముగా నున్నది! అప్పటికే పౌలాపై మనసు నిలిపిన మెలోనునకు ఇది కొండంత ఊరట. పౌలాను మూగగా ప్రేమించిన రాక్స్‌టను మాట తొందరపడక, ముఖము చిట్లింపక తప్పుకొనును. ఈ పాత్రను లూయీ స్టోను ధరించెను. మూగచిత్రములలో కన్నులతో నటించుట యేమో తెలిసికొనగోరువారు ఆయనను చూడవలయును. ఛాలెంజరు వేషము వేసిన వాలెసు బీరీ గడ్డమును, గుడ్లుఱుముటయు గుర్తుండిపోవును గాని, కొన్నిచోట్ల అతి యనిపించినది.

పౌలా నవలలో లేదు. డాయిల్ కథలో కొండ యెక్కినవారందఱును పురుషులే. ఈ పాత్రను చేర్చిన చిత్రకథ వ్రాసినది ఒక స్త్రీ. మేరియన్ ఫేర్‌ఫాక్సు అను నాటకకర్త్రి. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు సంతోషము కలిగెను. చిత్రము చూచినప్పుడు ఆ సంతోషము సగము తగ్గెను. దినచర్య పుస్తకము పౌలాది, పోయిన తండ్రి పౌలావాడు, ప్రయాణమునకు కారణమే పౌలా. అయినను కొండ యెక్కిన తరువాత ఆమె చేయునది చాలవఱకు బెదరుటయు, కన్నీరు తుడుచుకొనుటయు, ఇద్దఱు పురుషుల చూపులకు గుఱియగుటయు. బెస్సీ లవ్ సమర్థురాలైన నటి. మాటలచిత్రములు వచ్చిన క్రొత్తలో 'బ్రాడ్‌వే మెలొడీ'లో నటించి అకాడమీ బహుమానమునకు పేర్కొనబడినది. ఇట్టి నటి చేతికి పని యిచ్చినచో కథకు బలమే కలిగియుండును. తండ్రి యవశేషములు గుహలో కనబడు ఘట్టమున మాత్రము ఆమె ముఖము చూడదగినది.

ఇక మృగముల సంగతి. చిత్రమునకు నిజమైన నాయకులు వీరే. వీరిని నడిపించినవాడు విల్లిస్ ఓబ్రయన్. ఆకృతులు నిర్మించినవాడు మార్సెల్ డెల్గాడో. డెల్గాడో మెక్సికోలో పుట్టి అమెరికా చేరిన పేదయింటి పిల్లవాడు. పగలు కిరాణాదుకాణములో పనిచేసి, చిత్రకళాశాలలో పాఠములు నేర్చుకొనుచుండగా ఓబ్రయన్ కంట బడెను. పనికి రమ్మని పిలువగా మొదట ఒప్పుకొనలేదట. ఓబ్రయన్ అతనిని స్టూడియోకు తోడ్కొనిపోయి, నీ పనిబల్ల యిదియే యని చూపిన మీదట కాదనలేకపోయెను.

ఆ బల్లపై తయారైన బొమ్మలు చేతులతో ఎత్తుకొనదగినంతటివే. లోపల లోహపు ఎముకలు, వంగుటకు కీళ్లు. వానిపై స్పాంజి మొదలగు మెత్తని పదార్థముతో కండలు. ఆపైన రబ్బరు చర్మము. కొన్నింటి కడుపులో గాలిసంచి నుంచి, మెల్లగా గాలి నింపుచు, తీయుచు ఊపిరి పీల్చుచున్నట్లు చేసిరి. న్యూయార్కు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చార్లెసు నైటు అను చిత్రకారుడు వ్రాసిన చిత్రములు వీనికి ఒరవడి. బొమ్మలకు తగినట్లు చిన్నచిన్న చెట్లు, బండలు, నీటిమడుగులు. బొమ్మలకొలువులో పూలతోట, కోనేరు తీర్చిన చేతులకు ఈ పనిలోని ఆనందము వేఱుగా చెప్పనక్కఱలేదు.

మన తోలుబొమ్మలాటలో ఆడించువాని చేయి ఆడుచున్నంతసేపు బొమ్మను విడువదు. ఇచట తీరు వేఱు. ఓబ్రయన్ బొమ్మ కాలిని వెండ్రుకవాసి కదల్చి, చేయి తీసికొని, తాను తప్పుకొని, కెమెరాతో ఒక్క పటము తీయును. మరల వచ్చి తలను కొంచెము, తోకను కొంచెము కదల్చి, తప్పుకొని, మఱియొక పటము. ఆ కాలపు చిత్రములలో ఒక్క సెకనునకు 16 పటములకు తక్కువ లేవు. కాబట్టి తెరపై ఒక్క నిమిషము నడచుటకు వేయింటికి దగ్గఱగా ఇట్టి కదలికలు కావలయును. నడుమ దీపము కొంచెము జరిగినను, ఏ కాలు ఎంత కదల్చితినో మఱచినను, మొదటికి వచ్చును. ఒకటికి మించిన మృగములు పోరాడుచున్నప్పుడు అన్నిటి కాళ్లు, మెడలు, తోకలు అన్నియు జ్ఞప్తి యుంచుకొనవలయును. అగ్నిపర్వతపు ఘట్టములో మంద మంద పరుగెత్తుచుండగా ఈ లెక్క వేసికొనుచు చూడుడు. నేడు కంప్యూటరులతో కల్పించిన మృగములు ఎంతో నునుపుగా నడచును; ఓబ్రయన్ మృగములు కొంచెము అదరుచు, కుదుపుతో నడచును. ఆ కుదుపులో మాకు మనిషి వ్రేలు కనబడినది.

మాకు ఎక్కువ నచ్చిన ఘట్టము లండను వీథులది కాదు. ట్రైసెరాటాప్సు తల్లి యొకటి పిల్లతో మేయుచుండగా అల్లోసారసు మీద బడును. తల్లి పాఱిపోదు. పిల్లను కాచుకొని మూడుకొమ్ముల తల వంచి శత్రువును త్రిప్పికొట్టును. నిజమైన జంతువు కాదు, రబ్బరును ఇనుమును. అయినను ఊపిరి బిగబట్టితిమి.

ఈ మృగములను చూచి ఊపిరి బిగబట్టినవారిలో మనకంటె గడుసువారును కలరు. చిత్రము పూర్తికాకమునుపే, 1922 జూనులో, న్యూయార్కులోని ఇంద్రజాలికుల సంఘమువారి విందునకు హూడినీ పిలువగా డాయిల్ వెళ్లెను. అప్పుడాయన ప్రేతాత్మల విషయమై ఉపన్యాసము లిచ్చుచు అమెరికాలో సంచరించుచుండెను. ఇంద్రజాలికులకు ఆ నమ్మకము లన్నియు నవ్వులాట. విందులో డాయిల్ ఏమియు వివరింపకయే ఓబ్రయన్ తీసిన కొన్ని పటములను తెరపై ఆడించెను. మృగములు కదలినవి, పోరాడినవి. లోకమును మాయచేయుటయే వృత్తిగా గలవారు ఇది యెట్లు సాధ్యమని ఒకరి మొగము లొకరు చూచుకొనిరి. మఱునాటి 'న్యూయార్కు టైమ్సు' పత్రికయు అదే ఆశ్చర్యమును ప్రకటించెను. పిమ్మట డాయిల్ హూడినీకి జాబు వ్రాసి గుట్టు విప్పెను. ప్రేతాత్మలను నమ్మువాడు నమ్మనివారిని రబ్బరుబొమ్మలతో బోల్తాకొట్టించుట మాకు మిక్కిలి వేడుకగా తోచినది.

చిత్రము వెలువడి కీర్తి గడించెను. 1925 ఏప్రిలులో లండనునుండి బయలుదేరిన ఇంపీరియల్ ఏర్‌వేసు విమానములో ప్రయాణికులకు దీనిని ఆడించి చూపిరి. తరువాత నాలుగేండ్లకే మూగచిత్రములకు దినములు చెల్లినవి. తెర మాటాడ నేర్చిన పిమ్మట మూగబొమ్మకు వెల యేమున్నది? 1929లో దీని ప్రతులను ఆటనుండి తొలగించిరి. అవి చాలవఱకు నాశనమాయెను. ఇండ్లలో చూపుకొనుటకు చిన్నఫిల్ముపై కుదించిన ప్రతి మాత్రము మిగిలెను. మొదట పది రీళ్లున్న చిత్రమును సగమునకు కోసివేసి, ఇంచుమించు గంటసేపటి ఆటగా చేసిన ప్రతి అది. అనేక సంవత్సరములు లోకము చూచినది ఈ సగమునే. ఆ నాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. సులభముగా అంటుకొనును, అంటుకొనకున్నను పెట్టెలోనే పొడియై పోవును. ఓబ్రయన్ వెండ్రుకవాసి చొప్పున కదల్చి తీసిన పటములలో ఎన్నియో ఇట్లే పోయినవి.

1990 తరువాత ప్రేగు నగరములోని చిత్రాగారమున, మిగిలిన భాగములు పెక్కు గల ప్రతి యొకటి బయటబడినది. అమెరికాలోని ఈస్ట్‌మన్ హౌసువారు దానిని, ఇతరచోట్ల దొరకిన ముక్కలను జోడించి చిత్రమును పునరుద్ధరించిరి. 1998లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు దీనిని సంరక్షింపదగిన జాతీయచిత్రముల పట్టికలో చేర్చిరి. 2016లో లాబ్‌స్టర్ ఫిల్ములవారు ఇంకను కొన్ని ముక్కలు చేర్చి గంటా నలువది నిమిషములకు దగ్గఱగా నిలిపిరి. ఇది దాదాపు మొదటి చిత్రమే. పాఠకురాండ్రు చూడదలచినచో ఈ పెద్దప్రతినే అడిగి చూడవలయును. గంటసేపటి కుదింపు ప్రతియే ఇప్పటికిని పెక్కుచోట్ల అదే పేరుతో చలామణి యగుచున్నది. దానిలో కథ తెగిపోయి, పాత్రలు ఏల వచ్చినవో ఏల పోయినవో తెలియదు.

వారి సంగతి చెప్పి మన సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. తెలుగువారు తీసిన తొలి మూగచిత్రముగా చెప్పుకొను 'భీష్మప్రతిజ్ఞ' 1921 నాటిది. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్‌గారు మద్రాసులో దానిని తీసిరి. నేడు దాని ప్రతి లేదు. అందలి భీష్ముడు ఎట్లు చేయి యెత్తి ప్రతిజ్ఞ చేసెనో, గంగ ఎట్లు నిలిచెనో మన పిల్లలకు చూపుటకు ఒక్క రీలైనను మిగులలేదు. ప్రేగులో దొరకినట్లు దీనికిని ఏ మూలనో ఒక డబ్బా దాగియుండునేమో యని మేము ఆశపడుదుము. ఇండ్లలో, పాతసినిమాహాళ్ల అటుకలమీద తుప్పుపట్టిన ఫిల్ముడబ్బాలు కనబడినచో దయచేసి పాతసామానులవానికి వేయకుడు. పూనాలోని జాతీయ చిత్రాగారమునకు ఒక జాబు వ్రాసిన నష్టము లేదు. డబ్బాను మాత్రము పొయ్యి దాపున, ఎండలో ఉంచరాదు.

తల్లులు ముందే ఎఱుగవలసిన సంగతు లిక రెండు కలవు. జాంబో అను సేవకుని పాత్ర ఆఫ్రికా సంతతివానిది. ఆ వేషము వేసినవాడు మాత్రము ముఖమునకు మసి పూసికొన్న తెల్లవాడు. ఆ పాత్రను నవ్వులకొఱకు వాడుకొనిరి. ఆ కాలపు అమెరికా చిత్రములలో ఇది మామూలు. మామూలగుట చేత మంచిది కాజాలదు. ఆ ఘట్టములను దాటవేయుటకంటె, చిత్రమును ఆపి, ఇది యేల తప్పో పిల్లలకు చెప్పుట మేలు. నల్లని చర్మము చూచి నవ్వుట మన ఇండ్లలో లేనిది కాదు గదా. పెండ్లిచూపులనాడు మనమే ఎన్నిమాఱులు వినియుండలేదు!

రెండవది శాస్త్రవిషయము. మనుష్యులును డైనోసారులును ఒక్కనాడును కలిసి యుండలేదు. పక్షులను మినహాయించి, ఆ జాతి ఆఱుకోట్ల అఱువది లక్షల సంవత్సరముల క్రిందటనే అంతరించినది. అంతేకాదు, ఆ మృగములును ఒకదాని నొకటి ఎఱుగవు. అల్లోసారసు, బ్రాంటోసారసు పదునైదు కోట్ల సంవత్సరముల నాటివి, ట్రైసెరాటాప్సు చిట్టచివరిది. లెక్క వేసి చూచిన, ట్రైసెరాటాప్సునకు అల్లోసారసుకంటె మనమే కాలమున దగ్గఱ! ఇందాక మేము మెచ్చుకొన్న తల్లి పోరు ఎన్నడును జరుగుటకు వీలులేనిది. అయినను మెప్పును వెనుకకు తీసికొనము. తోక నేల నీడ్చుచు నడచుట కూడ ఆ కాలపు అభిప్రాయమే. ఈ పెద్దమెడ జంతువులు తోకను నేలనుండి ఎత్తి పట్టి నడచెడివని నేటి పండితులు చెప్పుచున్నారు. బ్రాంటోసారసు అను పేరునకును ఒక చరిత్ర కలదు. 'ఉఱుము బల్లి' యని దాని యర్థము. అది అపాటోసారసే గాని వేఱు కాదని 1903లో తేల్చి శాస్త్రజ్ఞులు ఆ పేరును కొట్టివేసిరి. నూఱేండ్లకు పైగా గడచిన పిమ్మట, 2015లో మఱికొందఱు ఎముకలను కొలిచి చూచి, ఇవి వేఱువేఱే యని ఆ పేరును తిరిగి నిలిపిరి.

చిత్రము ముగిసిన తరువాత పిల్లలు తప్పక అడుగునది ఒకటి కలదు: అమ్మా, ఇవి మన దేశములో ఉండెడివా? ఉండెడివి. తెలంగాణములో, ప్రాణహిత గోదావరీ లోయయందు, యామనపల్లి దగ్గఱ భూమినుండి అట్టి పెద్దమెడ మృగముల ఎముకలు బయటబడినవి. పొలముల క్రింద రాతిపొరలలో కోట్ల సంవత్సరములనుండి పడియున్న ఎముకలవి. యాదగిరిగారు 1988లో వానికి కోటాసారసు యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టిరి. ఊరి పేరు అట్లే నిలిచినది. ముప్పది అడుగుల జంతువు; చిత్రములోని బ్రాంటోసారసునకు దూరపు చుట్టము, దానికంటె ముందుపుట్టినది, చిన్నది. పెక్కు ఎముకలు దొరకినవి గాని కపాలము దొరకలేదు. హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున ఆ యస్థిపంజరమును నిలిపియుంచిరి. సెలవులలో హైదరాబాదు పోవువారు పిల్లలకు ముందు చిత్రమును చూపి, పిమ్మట అచటికి తీసికొనిపోయినచో, మెడను తోకను చూచి ఎవరును చెప్పకయే గుర్తుపట్టుదురు.